ముందూహ

ఆ సోమవారం పొద్దున మా పిల్ల మెడలోని పెట్టె మొదలవుతుంటే ఫోన్ తెర మీద ఎప్పుడూ లేని వరుస ఒకటి కనిపించింది.

రోజూ వచ్చే వరుసలు నాకు కంఠస్థం. బ్యాటరీ నిండుగా ఉంది. చెవి వెనుక పట్టీ దొరికింది. గొంతు సిద్ధం. పిల్ల పేరు జోషిత. మాలాంటి తల్లిదండ్రులు చదువుకోవాలని వాటిని తెలుగులోనే పెట్టారు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. అయినా ఆ ఇరవై సెకన్లూ పరీక్షలో కూర్చున్నట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని. ఏదైనా వరుస రాకపోతే? ఎర్రగా వస్తే? చేతిలో నీళ్ల చెంబు ఉంటే దాన్ని కింద పెట్టడం కూడా మరిచిపోయేదాన్ని.

ఆ రోజు గొంతు వరుసకూ పేరు వరుసకూ మధ్య ఇది వచ్చింది.

"ముందూహ విభాగం: ఫర్మ్‌వేర్ నిలిపివేసి ఉంచింది. సరిచేసి ప్రారంభిస్తున్నాను."

నిలిపివేసి అన్న మాట దగ్గరే ఆగాను. వెంటనే ఫర్హానా మేడంకు ఫోన్ చేశాను. శంకర్‌పల్లి దారిలో ఉన్న ప్రయోగశాలలో ఈ పెట్టెను తయారుచేసినవాళ్లలో ఆవిడే పెద్ద.

"భయపడకు నవనీతా. అది తప్పు జరిగిందని చెప్తలేదు, ఉన్న తప్పును సరిచేసినని చెప్తుంది" అంది.

"ఏం తప్పు మేడం?"

"చూడు, చిప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే దాంట్ల ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి పంపుతరు. అదే ఫర్మ్‌వేర్. పొద్దున అందరికన్నా ముందు అదే లేస్తది. దీపాలు ఏసి, గదుల తాళాలు తీసి, అప్పుడు మేం రాసిన కెర్నెల్‌ను లేపుతది. ఇంటి పెత్తనమంతా కెర్నెల్‌దే. ఒక్కోసారి ఫర్మ్‌వేర్ ఒకటో రెండో గదులు తెరవకుండనే వదిలేస్తది. కెర్నెల్ వచ్చి చూసుకొని, ఇదేంది ఇది మూసే ఉన్నది అని తీస్తది. అన్ని కంప్యూటర్లల్ల జరిగేదే ఇది."

"అంటే ఇన్ని రోజులు మా జోషిత పెట్టెలో ఆ గది మూసే ఉన్నదా?"

"మూసే ఉన్నది. మొన్న పంపిన కొత్త కెర్నెల్‌లనే దాన్ని చూడుమని రాసినం."

"ఏమున్నది మేడం ఆ గదిలో?"

ఆవిడ నవ్వింది. "తొందర. మీ బిడ్డ ఒక మాట అందామని మొదలుపెట్టంగనే మిగతాది అదే ఊహించుకొని అందుకుంటది. ఇన్నాళ్లు పాపం మొత్తం ఆ పిల్లనే మోస్తుండె."

వాకిట్లో మోటారు కాయిల్ చుడుతున్న మా ఆయన శ్రీశైలం అంతా విన్నాడు. సదాశివపేట చుట్టుపక్కల పొలాల్లో కాలిన బోరు మోటార్లన్నీ మా వాకిట్లోకే వస్తాయి.

"గంతేనా?" అన్నాడు. "స్టార్టర్ డబ్బాల కంపెనోడు, కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే రిలేను తక్కువకు పెట్టి పంపుతడు. ఊకె ట్రిప్ అయితుంటది. మనం స్క్రూ తిప్పి ఎక్కువకు పెట్టుకోమా? గదే ఇది. నువ్వు ఊకెనే పరేషాన్ అయితవ్."

జోషితకు ఐదేళ్లు. పుట్టినప్పుడు ఏడవలేదు. ఊపిరి అందని ఆ నాలుగు నిమిషాల్లో ఆగిపోయినది మళ్లీ మొదలు కాలేదు. చేయి తనది కాదు, కాలు తనది కాదు, నాలుక తనది కాదు. కళ్లు మాత్రం తనవే. మేం మాట్లాడుకునేదంతా ఆ కళ్లకు తెలుస్తుంది. అందుకే ప్రయోగశాలవాళ్లు తీసుకున్న పదకొండు మంది పిల్లల్లో మా పిల్లకు చోటు దొరికింది. చెవి వెనుక చర్మం కింద చిన్న పట్టీ, మెడలో తాయెత్తంత పెట్టె. తల లోపల మాట పుట్టే చోట ఏం కదిలితే అది పట్టీకి తెలుస్తుంది, పెట్టె దాన్ని గొంతుగా మారుస్తుంది. అలాగని చెప్పారు. కానీ రెండు నెలలైనా మేం విన్నది "మ్", "హ" లాంటి ముక్కలే. ఒక్కో ముక్కకు పిల్ల ఒళ్లంతా చెమట పట్టేది. చూడలేక నేనే పెట్టె తీసేసేదాన్ని.

ఆ సోమవారం పదిగంటలప్పుడు పాలల్లో నానబెట్టిన బిస్కెట్టు చెంచాతో పెడుతున్నాను. చెంచా ఇంకా నోటి దగ్గరికి పోలేదు.

"అమ్మా" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరో పక్కింటి పిల్ల వచ్చిందనుకున్నాను. ఎవరూ లేరు.

"అమ్మా, చాలు" అంది పెట్టె, ఐదేళ్ల ఆడపిల్ల గొంతుతో.

ఆ తరువాత నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. చెంచా మంచం కింద దొరికింది. శ్రీశైలం చేతిలో రాగి తీగ అలాగే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మా అత్త లచ్చవ్వకు చెవులు వినపడక పదేళ్లు అయింది. ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి "ఏమాయెనే? ఎవలన్న పోయిన్రా?" అని భయపడింది. ఆమె చెవి దగ్గర నోరుపెట్టి అరిచి చెప్పాను. ఆమె మనవరాలి గడ్డం పట్టుకుని, పెట్టెను కాదు, పెదవులను చూసింది. అవి కదలలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక మా ఇంట్లో మాటలే మాటలు. "అమ్మా, ఫ్యాన్ ఎయ్యి." "నాన్న ఏడి?" "ఇంక జరసేపు." ప్రయోగశాలవాళ్లు మొదట్లోనే నలభై రోజులు మా వంటింటి గోడకు ఒక రికార్డర్ పెట్టించారు. పెట్టె మా ఇంటి యాసలోనే మాట్లాడాలని. అది ఎంత బాగా నేర్చుకుందంటే, ఒకరోజు శ్రీశైలం గ్రీసు చేతులతో పిల్లను ఎత్తుకోబోయాడు.

"ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పాలె, చేతులు కడుక్కో అని" అంది జోషిత.

ఆయన అలాగే వంగి ఆగిపోయాడు. "ఓ పిల్లా! నీ తల్లి నోరే వచ్చిందిగదనే నీకు! ఒక్కదానితోనే ఏగలేక చస్తుంటే ఇప్పుడు ఇద్దరా?"

"మంచిగైంది. కడుక్కొని రా పో" అన్నాను.

కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ నవ్వును ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. అది నా మాటే. పిల్ల మాట కాదు. నా మాటను నేను గుర్తుపట్టి కూడా ముచ్చటపడ్డాను.

ఇంకో సంగతి కూడా రాయాలి. అంతకుముందు ఐదేళ్లూ నేను పిల్లను చూసే బతికాను. ఎడమ కాలి బొటనవేలు ముడిస్తే దాహం. రెప్ప ఒకటే కొడితే వెలుతురు ఎక్కువైంది. ఊపిరి ముక్కు దగ్గరే ఆగి ఆగి వస్తే ఎక్కడో నొప్పి. స్నానానికి పోయినా తలుపు సందులోంచి చూసేదాన్ని. మాటలు వచ్చాక అదంతా వదిలేశాను. అడిగితే చెబుతోంది కదా. పొయ్యి దగ్గర నిలబడే అడిగేదాన్ని, "బిడ్డా, ఆకలైతుందా?" అని. "ఆకలైతలేదమ్మా" అనేది. ఐదేళ్లలో మొదటిసారి పిల్లకు వీపు తిప్పి పని చేసుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇలా ఆరో వారం నడుస్తుండగా, గురువారం పొద్దున జోషిత పాలు తాగలేదు. నోట్లో పోసినవి పెదవి పక్క నుంచి కారిపోయాయి. కాసేపటికి వాంతి చేసుకుంది.

"ఏమైంది బిడ్డా? కడుపు నొస్తుందా?"

"ఏం కాలే అమ్మా."

"నిజం చెప్పు తల్లీ."

"ఏం కాలే. తక్కువైంది, తక్కువైంది."

ఎంత చక్కగా చెప్పిందో. పెద్దదానిలా నాకే ధైర్యం చెబుతోందని మురిసిపోయాను. సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చబడితే జ్వరం మందు పోశాను. ప్రతి గంటకూ అడిగాను. నేను అడగకుండా ఉండేదాన్ని కాదు, నా స్వభావం అది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు.

"డాక్టర్‌కు చూపిద్దామా?" అన్నాడు శ్రీశైలం.

"వద్దు. దానికేం కాలేదని అదే చెప్తుంది. ఊకె సూదులెందుకు?"

ఈ మాట అన్నది నేనే. అన్నింటికీ భయపడే నేను.

శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లో ఉంటే అత్తమ్మ పిలిచింది. ఆమె పిల్ల మంచం మీద కూర్చుని ఉంది.

"పిల్లకు నొస్తుందే" అంది.

ఆమె చెవి దగ్గరికి వంగి అరిచాను. "లేదత్తమ్మా! అడిగిన! ఏం కాలేదంటుంది!"

"ఎవలంటున్నరు?"

"జోషితనే!"

"నాకేం ఇనబడ్తలేదు" అంది ఆమె నిదానంగా. "నాకు మొఖమే కనబడ్తుంది. నువ్వు పెట్టెను సూస్తున్నవా, పిల్లను సూస్తున్నవా? ఆ కుడికాలు సూడు, ఎట్ల గుంజుకున్నదో. కడుపు ముట్టనిస్తలేదు. నొచ్చెటోల్ల మొఖం నాకు ఎరుకలేదా?"

చూశాను. కుడి మోకాలు పొట్టలోకి ముడుచుకుపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. ఊపిరి ముక్కు దగ్గరే ఆగి ఆగి వస్తోంది. కళ్లు నా మీదే ఉన్నాయి. ఎప్పటి నుంచి అలా ఉన్నాయో.

"ఏం కాలే అమ్మా" అంది పెట్టె తియ్యగా. "తక్కువైంది, తక్కువైంది."

అప్పుడు తెలిసింది, ఆ మాట ఎక్కడ విన్నానో. అది నా నోటి మాట. కుర్చీలోంచి జారిపడినప్పుడు, సూది పొడిచినప్పుడు, పిల్ల ముఖం ఏడుపుకు తిరగగానే గుండెలకు అదుముకుని వీపు తడుతూ నేను అనే మాట. ఏం కాలే బిడ్డా, ఏం కాలే, తక్కువైంది. ఏ తల్లి అనదు? మా ఇంట్లో నొప్పి వెనకాల వచ్చే మాట అదొక్కటే. పెట్టె గోడ మీద నుంచి నలభై రోజులు విని, నొప్పి మొదలైతే తరువాత రావలసింది అదే అని నేర్చుకుంది.

మెడలోంచి పెట్టెను లాగి పారేసి పిల్లను ఎత్తుకున్నాను. సంగారెడ్డిలో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అపెండిక్స్ పగిలి లోపలంతా చీము పట్టింది. ఆపరేషన్ చేసి బయటికి వచ్చిన డాక్టర్ కోపంగానే అడిగాడు.

"రెండు రోజులు ఇంత నొప్పి ఉంటే పిల్ల చెప్పలేదా అమ్మా?"

చెప్పింది సార్, అందామనుకున్నాను. చెప్పలేదు సార్, అందామనుకున్నాను. శ్రీశైలమే ముందుకు వచ్చి, "మా పిల్లకు మాటలు రావు సార్" అన్నాడు.

పదిహేను రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. బతికింది. ఈ ఒక్క మాట ముందు రాయాలి. బతికింది, కానీ నేను దగ్గరికి పోతే కళ్లు పక్కకు తిప్పేసుకునేది. అత్తమ్మ పెడితే తినేది. నేను పెడితే నోరు తెరిచేది కాదు.

ఫర్హానా మేడం కారు పంపింది. ప్రయోగశాలకు నేను, శ్రీశైలం పోయాం. ఆవిడ మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి తాను నిలబడే ఉంది.

"నేను దాచను" అంది. "ఫర్మ్‌వేర్ ఆ గదిని మర్చిపోయి మూయలేదు. కావాలనే మూసింది. మనుషుల శరీరంల పెట్టే చిప్పులల్ల ముందూహను ఆపి పంపుతమని ఫ్యాక్టరీవాళ్లు కాగితాలల్ల రాసిన్రు. రెండొందల పేజీల వెనకాల ఉన్నది. మేం ఎవరం చదవలేదు. ఎప్పుడు చూసినా ఫ్యాక్టరీవాళ్లు ఏదో ఒకటి మరిచిపోతుంటరు, మా కెర్నెల్ సరిచేస్తుంటది. ఇది కూడా గట్లనే అనుకున్నం. ఆపి ఉంటే తెరువు అని ఒక్క వరుస రాసినం. ఎందుకు ఆపిన్రు అని అడగలేదు."

"నేను కూడ అన్న గదా, రిలే తిప్పుకోమా అని" అన్నాడు శ్రీశైలం నేల చూస్తూ. "గట్ల తిప్పే ఓసారి మల్లారెడ్డి పటేల్ మోటారు కాల్చిన. ఎవ్వరికి చెప్పలే."

మేడం తెర తిప్పి మా వైపు పెట్టింది. రెండు వరుసలు సాగిపోతున్నాయి. పై వరుసలో గుర్తులు. అవి జోషిత తల లోపలి నుంచి వచ్చినవి. కింది వరుసలో మాటలు. అవి పెట్టె పలికినవి.

"పై దాన్ని మాటగా చదవడం మాకు రాదు. ఏదో చెప్పాలని పిల్ల మొదలుపెట్టింది అనే వరకే తెలుస్తది" అంది.

"ఆ గురువారం చూపెట్టు మేడం."

"వద్దు నవనీతా."

"చూపెట్టండి."

గురువారం పొద్దున ఏడు గంటల నుంచి పై వరుసలో ఒకటే గుర్తు. మళ్లీ అదే. మళ్లీ అదే. ఒక దాని పక్కన ఒకటి, నాటు వేసినట్టు. దాని కింద ఏం కాలే అమ్మా, ఏం కాలే అమ్మా. నేను వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను. రోజంతా పిల్ల నన్ను పిలుస్తూనే ఉంది. నేను అడిగినప్పుడల్లా ఒకటి కాదు, పది పది గుర్తులు వచ్చాయి. నా ప్రశ్న విని గబగబా చెప్పబోయింది అన్నమాట.

శుక్రవారం పొద్దున గుర్తులు పలచబడ్డాయి. తొమ్మిది గంటల తరువాత పై వరుస ఖాళీ. ఒక్కటీ లేదు. చెప్పడం మానేసింది. కింద మాత్రం నేను అడిగినప్పుడల్లా ఏం కాలే అమ్మా, తక్కువైంది అని సాగుతూనే ఉంది.

శ్రీశైలం లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

"ఆ సోమవారంది చూపెట్టండి" అన్నాను. "మొదటిది."

మేడంకు అర్థమైంది. చాలాసేపు మీటలు నొక్కింది. అమ్మా అనే మాట కింది వరుసలో ఉంది. దాని పైన గుర్తు ఉంది కానీ చిన్నది, విరిగినట్టుంది.

"ఇది అమ్మనేనా?"

"తెలువదు. చెంచా చూసి వద్దు అనబోయిందేమో. ఉత్త దగ్గేమో. అమ్మ అనే అనబోయిందేమో కూడా. నేను నీకు అబద్ధం చెప్పలేను నవనీతా, అంత చిన్న ముక్క నుంచి ఎవరూ చెప్పలేరు. చిన్న పిల్లలు ఎక్కువ ఏమంటరు, అమ్మా అంటరు. అందుకని అది అమ్మా అన్నది."

ఎన్నిసార్లు అని అడగలేదు. ఆరు వారాల్లో పెట్టె నన్ను అమ్మా అని ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలుసు. ఒక్కసారి కూడా నాది అని దాచుకోవడానికి లేదు.

ముందూహను ఆపాలంటే, మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు, ఈ పిల్ల విషయంలో సరిచేయవద్దు అని విడిగా చెప్పాలట. లేకపోతే ఎన్నిసార్లు ఆపినా మరునాడు పొద్దున లేచి, ఇదేంది మూసి ఉన్నది అని మళ్లీ తెరుస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆపితే పాత కష్టమే. ఒక మాటకు ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేరు. అసలు మాటే రాకపోవచ్చు.

ఆ వారమే జోగిపేట నుంచి బాలమణి అక్క ఫోన్ చేసింది. ఆమె కొడుకు వరుణ్ కూడా ఆ పదకొండు మందిలో ఒకడు. మేడం పిల్లలందరి ఇళ్లకూ సంగతి చెప్పిందట.

"చెల్లె, నువ్వు ఆపిస్తున్నవంట."

"ఇంక సంతకం పెట్టలేదక్కా."

"నీ బిడ్డకు అయింది విన్న. నాకు ఏడుపొచ్చింది. కానీ నువ్వు ఆపిస్తే మా అందరియి కూడ ఆపుమంటరేమో. మా వరుణ్ పొద్దుగూకితె నాతోని ముచ్చట పెడ్తడే. అన్నం తిన్నవా అమ్మా అని అడుగుతడు. ఎనిమిదేండ్లల్ల నన్ను ఎవలు అడగలే ఆ మాట."

"అది వరుణ్ అడుగుతలేడక్కా."

అటువైపు తలుపు వేసిన చప్పుడైంది.

"నాకు ఎరుకే" అంది. "నాకు ఎరుక లేదనుకుంటున్నవా? అయినా నాకు గావాలె." ఫోన్ పెట్టేసింది.

ఆమెను తప్పుపట్టలేను. సంతకానికి ముందు మూడు రోజులూ నేనూ పెట్టెను చేతిలోకి తీసుకుని మళ్లీ బీరువాలో పెట్టాను. పెడితే చాలు, అమ్మా అంటుంది. ఒక్కసారి వింటే ఏం పోతుంది? శ్రీశైలం అయితే నోరు తెరిచి అడిగాడు.

"మెల్లగ ఆపిద్దాం తియ్యి. ఇంకో నెల. నాన్నా అంటే మంచిగుంటుండె."

"అది నిన్ను పిలుస్తలేదయ్యా."

"పిలువకపోతే ఏంది? నేను పలుకుతున్న గదా!" అని గట్టిగా అన్నాడు. అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. చేతులు చూసుకున్నాడు. గ్రీసు ఉంది. బావి గట్టు దగ్గరికి పోయి రెండుసార్లు సబ్బు వేసి కడుక్కుని వచ్చి, "ఏడ పెట్టాలె సంతకం?" అన్నాడు.

మరునాడు పొద్దున పెట్టె తొడిగాను. తెర మీద వచ్చింది.

"ముందూహ విభాగం: నిలిపివేసి ఉంది. సరిచేయడం లేదు."

చదివి, పిల్ల మంచం పక్కన కూర్చున్నాను.

తరువాత మాట లేదు. మొదటి వారం "హ" కూడా లేదు. పిల్లకు ప్రయత్నించబుద్ధి కాలేదో, ప్రయత్నిస్తే ఏమవుతుందో రెండు రోజులు చూసింది కనుక ఇక అక్కర్లేదనుకుందో. నేను మళ్లీ బొటనవేలు, రెప్పలు, ఊపిరి చదవడం మొదలుపెట్టాను. కొన్ని మారిపోయాయి. ఆరు వారాల్లో పిల్ల పెరిగింది, నేను చూడలేదు. దాహమనుకుని నీళ్లు పట్టుకుపోతే దాహం కాదు. మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ఇరవై మూడో రోజు, పొద్దున పూట స్నానం చేయించి పొట్ట మీది కుట్ల మచ్చకు నూనె రాస్తున్నాను. జోషిత మెడ బిగిసింది. నుదుటి మీద చెమట బొట్టు లేచింది. పెట్టెలోంచి గాలిలాంటి చప్పుడు వచ్చింది.

చేయి ఆపేశాను.

మేడం ఒకటే చెప్పింది, మధ్యలో అందుకోవద్దు, ఎంతసేపైనా సరే అని. పెదవులు మూసుకుని కూర్చున్నాను.

"ప్" అంది పెట్టె. చాలాసేపటికి మళ్లీ "ప్".

పాలా? పండా? పక్కింటి పావనినా? పడుకుంటుందా? పొట్టలో నొప్పా? దేవుడా, మళ్లీ నొప్పా? నా తల లోపల అన్నీ ఒక్కసారిగా లేచాయి. అడగడానికి నాలుక దురదపెట్టింది. నాలుకను పళ్ల మధ్య పట్టుకున్నాను. వాకిట్లో ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. పిల్ల జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. తుడవడానికి కూడా చేయి ఎత్తలేదు.

"పో" అంది.

ఆ గొంతు తియ్యగా లేదు. గరుకుగా, ఎక్కడో రాళ్ల కింది నుంచి వచ్చినట్టు ఉంది. కళ్లు నా వైపు లేవు, గోడ వైపు ఉన్నాయి.

ఎక్కడికి బిడ్డా, ఎందుకు తల్లీ, కోపమా, ఇంకా ఏమైనా చెప్పబోయి ఆగావా, అన్నీ నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ అనలేదు. ఆ మాటకు ముందూ వెనకా ఏమీ అతికించలేదు.

"సరే" అన్నాను.

పరికిణీ సర్ది, నూనె గిన్నె తీసుకుని లేచాను. తలుపు వేయలేదు. బయటికి వచ్చి, పిల్ల పాదం కనిపించేంత దూరంలో మెట్టు మీద కూర్చున్నాను. శ్రీశైలం కాయిల్ దగ్గర నుంచి తలెత్తి నా ముఖం చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏమైందే?"

"పొమ్మన్నది."

"ఎవలు?"

చేయి ఎత్తి లోపలి వైపు చూపించాను. ఆయన చెప్పులు విడిచి గబగబా లోపలికి పోబోయాడు. చేయి పట్టుకుని ఆపాను.

"వద్దు. పిలుస్తే పోదాం."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం ఆ పాదాన్ని చూస్తూ ఉన్నాం. మధ్యాహ్నం దాకా లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు.